విజయవాడకి కొత్తగా వచ్చాం, ఏడాదిలో ఏ పండక్కి ఎక్కడికి వెళ్ళాలి?

రాయలసీమ_రైడర్:
అందరికీ నమస్కారం. ట్రాన్స్‌ఫర్ మీద అనంతపురం నుంచి విజయవాడ వచ్చాం, భవానీపురంలో అద్దెకి దిగాం. ఇంట్లో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లు ఎక్కితే కూర్చుండిపోతుంది. కానీ దుర్గమ్మ ఉన్న ఊళ్ళోనే ఇల్లు అని తెలిసిన దగ్గర్నుంచి దసరాకి కొండెక్కాల్సిందే అని పట్టుబట్టింది. దానికి తోడు మా అత్తగారి వైపు వాళ్ళు పిల్లాపాపలతో దసరాకి దిగుతామని ఫోన్లు చేస్తున్నారు. ఆఫీసులో అడిగితే ఒకాయన "ఆ రోజుల్లో అటు తొంగి చూడకండి" అంటారు, ఇంకొకాయన "దసరా చూడకపోతే బెజవాడలో ఉండి దండగ" అంటారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

నా ప్రశ్న ఒక్క దసరా గురించే కాదు. ఏడాది మొత్తంలో ఈ ఊళ్ళో, చుట్టుపక్కల, నిజంగా చూడాల్సినవి ఏంటి, ఏ నెలలో వస్తాయి, ముసలివాళ్ళతో పిల్లలతో దేనికి వెళ్ళగలం, ఏది టీవీలో చూసుకోవడం మేలు? నాకు సెలవులు తక్కువ, అందుకే ముందే ప్లాన్ చేసుకుందామని. నెట్‌లో వెతికితే అన్ని చోట్లా అవే నాలుగు లైన్లు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు చెప్తే బాగుంటుంది.

బ్రాహ్మణవీధి_పాతకాపు:
ముందు మీ అమ్మగారి సంగతి చెప్తాను, మిగతావి తర్వాత. ఆవిణ్ణి దసరా దాకా ఆపకండి. ఇప్పుడు నడుస్తున్నది ఆషాఢం, కొండ మీద ఇది పెద్ద నెల, బయట ఊళ్ళవాళ్ళకి అంతగా తెలియదు, అంతే. నెలంతా ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా అమ్మవారికి సారె తెస్తారు, మనింటి ఆడపిల్లకి పెట్టినట్టే చీర, పసుపు కుంకుమ, గాజులు, పూలు, చలిమిడి పళ్ళాల్లో సర్దుకుని, డప్పులూ మేళాలతో నడుచుకుంటూ వస్తారు. మా వీధిలోంచే వెళ్తాయి ఆ గుంపులు. ఒక్కోసారి ఊరు ఊరంతా కలిసి వస్తారు, అపార్ట్‌మెంట్ల వాళ్ళు చందాలేసుకుని వస్తారు. మహామండపం ఆరో అంతస్తులో అమ్మవారి ఉత్సవమూర్తి దగ్గర సారె సమర్పిస్తారు. అక్కడికి లిఫ్టులో వెళ్ళొచ్చు కాబట్టి మెట్ల బాధ లేదు.

ఆషాఢ పౌర్ణమితో ముగిసే మూడు రోజులు శాకంబరీ ఉత్సవాలు. ఇవి పిల్లలకి తప్పకుండా చూపించండి. ఆ మూడు రోజులూ గుడిలో పూల బదులు కూరగాయలే. స్తంభాలకి ఆకుకూరల కట్టలు, పైనించి వేలాడే సొరకాయలు, దొండకాయల దండలు, బెండకాయల దండలు, నిమ్మకాయల దండలు, అమ్మవారికి కూడా అవే. చుట్టుపక్కల రైతులు, కూరగాయల వ్యాపారులు లారీల్లో పంపిస్తారు. ముందు రోజు సాయంత్రం కొండ మీద ఉంటే సేవకి వచ్చినవాళ్ళు చాపల మీద గుట్టల ముందు కూర్చుని ఒక్కో వంకాయని తొడిమ దగ్గర, గింజకి తగలకుండా, దబ్బనంతో గుచ్చి దారానికి ఎక్కిస్తూ కనపడతారు. పచ్చిమిరపకాయలు గుచ్చేవాళ్ళ చేతులు మండిపోతుంటాయి, అయినా లేవరు. ఆ రోజుల్లో కదంబం ప్రసాదం పెడతారు, అన్నం పప్పు కూరగాయలు అన్నీ కలిపి వండుతారు, వేడివేడిగా తినాలి.

ఇక దసరా. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నుంచి దశమి దాకా. రోజుకో అలంకారం: బాలా త్రిపుర సుందరి, గాయత్రి, అన్నపూర్ణ, లలిత, మహాలక్ష్మి, సరస్వతి, దుర్గ, మహిషాసురమర్దిని, ఆఖరున విజయదశమికి రాజరాజేశ్వరి. ఏ రోజు ఏదో తిథుల్ని బట్టి ఏటా కాస్త మారుతుంది, కొన్నేళ్ళు ఒక రోజు పెరుగుతుంది, కాబట్టి దేవస్థానం ప్రకటన చూశాకే టికెట్లు బుక్ చేసుకోమనండి మీ అత్తగారి వాళ్ళని. మొదటి రోజు స్నపనాభిషేకం అయ్యాక గానీ దర్శనం మొదలవదు, తెల్లవారుజామునే వెళ్ళి నిలబడితే ఊరికే ఎదురుచూడాలి. నా మాట వింటే వాళ్ళని రెండో రోజు నుంచి మూలా నక్షత్రానికి ముందు రోజు లోపల రమ్మనండి. మూలా నక్షత్రం నుంచి దశమి దాకా జనం లక్షల్లో ఉంటారు, ఆఖరి రోజుల్లో అమ్మవారి దీక్షలో ఉన్న ఎర్ర బట్టల భవానీలు కూడా కలుస్తారు. ముసలివాళ్ళనీ చంటిపిల్లలనీ ఆ రోజుల్లో పట్టుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. పెద్దవాళ్ళకి, నడవలేనివాళ్ళకి విడిగా వేళలు పెడతారు, అవి పండక్కి ముందు పేపర్లో వస్తాయి, ఆ వేళకే వెళ్ళండి.

క్యూ వినాయకుడి గుడి దగ్గర మొదలవుతుంది. కెనాల్ రోడ్డు పక్కగా, ఫ్లైఓవర్ కింద నుంచి, ఘాట్ రోడ్డు ఎక్కి, ఓం టర్నింగ్ దాటి పైకి. చెప్పులు ఇంట్లోనో బండిలోనో వదిలేసి రండి, కింద వదిలితే తిరిగి దొరకడం కష్టం. మీది భవానీపురం కాబట్టి ఇంకో మాట: ఆ రోజుల్లో కుమ్మరిపాలెం సెంటర్ వైపు నుంచి బస్టాండుకి వెళ్దామంటే దారి మళ్ళిస్తారు. సితార సెంటర్ మీదుగా చిట్టినగర్ సొరంగం దారి ముందే చూసి పెట్టుకోండి. 2020లో ఫ్లైఓవర్ తెరిచాక మామూలు రోజుల్లో ఆ బాధ పోయింది గానీ పండగ రోజులు వేరు.

తెప్పోత్సవం విజయదశమి సాయంత్రం. గంగా పార్వతీ సమేత మల్లేశ్వర స్వామిని హంస వాహనం మీద కృష్ణలో తిప్పుతారు. పైనుంచి వరద ఎక్కువ వదిలిన ఏడు తిప్పరు, ఒడ్డునే పూజ చేస్తారు. కాబట్టి దాని కోసమే ఎక్కడి నుంచో రమ్మని ఎవరికీ చెప్పకండి. మీరు ఎలాగూ ఇక్కడే ఉంటారు, ఆ రోజు నీటి పరిస్థితి చూసుకుని బయల్దేరండి.

కొత్తపేట_కోడలు:
పాతకాపు గారు అన్నీ బాగా చెప్పారు, ఒక్కటి ఒప్పుకోను. మూలా నక్షత్రం రోజు వద్దని అందరికీ చెప్పకండి. ముసలివాళ్ళకి వద్దు, సరే. కానీ ఈయనా, వాళ్ళావిడా వయసులో ఉన్నారు, పిల్లలు బడికెళ్ళేవాళ్ళు, సరస్వతీ అలంకారం రోజు పిల్లలతో అమ్మవారిని చూడాలని ఎవరికి ఉండదు? ఆ రోజు ప్రత్యేక దర్శనం టికెట్లు ఉండవు, డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే లైను. అర్ధరాత్రి దాటాక దర్శనం మొదలవుతుంది, మేమైతే రాత్రి పూటే వెళ్ళి లైన్లో నిలబడతాం. లైన్లో ఉన్నవాళ్ళంతా పాటలు పాడుతుంటారు, మంచినీళ్ళు, పాలు, మజ్జిగ ఇచ్చేవాళ్ళు ఇస్తుంటారు, పిల్లలకి పెన్నులు, పుస్తకాలు, కుంకుమ పొట్లాలు చేతికొస్తాయి. మా పిల్లలు పొద్దున్న ఇంటికొచ్చి ఆ పెన్నుతో మొదటి పేజీ రాస్తారు. నాకు దసరా అంటే అదే. తెల్లారాక వెళ్తే ఎండా, తోపులాటా, అది మాత్రం వద్దు. ఆ రోజు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పిస్తారు, ముఖ్యమంత్రి వచ్చే వేళకి అటు దరిదాపుల్లో ఉండకుండా చూసుకోండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఉత్సవాల మొదట్లో వన్‌టౌన్ పోలీస్ స్టేషన్ నుంచి పోలీసులే అమ్మవారికి సారె తీసుకెళ్తారు. స్టేషన్లో రావిచెట్టు దగ్గర పూజ చేసి, కమిషనర్ గారు నెత్తిన పళ్ళెం పెట్టుకుని మేళతాళాలతో నడుస్తారు, వెనక పోలీసు కుటుంబాలు. ఇది చూడ్డానికి క్యూ అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు, రోడ్డు పక్కన నిలబడితే చాలు. మీ అమ్మగారికి కుర్చీ వేసి కూర్చోబెట్టినా కనపడుతుంది.

పాతకాపు గారి మాటకి ఇంకోటి కలుపుతాను. మార్గశిరంలో, అంటే డిసెంబరు ప్రాంతంలో, భవానీ దీక్షల విరమణ ఉంటుంది. దసరా తర్వాత కొండకి పెద్ద జనం అప్పుడే. కార్తీకంలో మాల వేసుకున్నవాళ్ళు ఇరుముడితో వచ్చి గిరి ప్రదక్షిణ చేసి, దర్శనం అయ్యాక నేతి కొబ్బరికాయ హోమగుండంలో వేస్తారు. గిరి ప్రదక్షిణ దారి మీ ఇంటి పక్కనుంచే. ఘాట్ రోడ్డు కింద కామధేనువు దగ్గర మొదలై కుమ్మరిపాలెం, విద్యాధరపురం, సితార, కబేళా, పాల ఫ్యాక్టరీ, చిట్టినగర్, నెహ్రూబొమ్మ సెంటర్, బ్రాహ్మణవీధి, సుమారు ఏడు కిలోమీటర్లు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి చెప్పుల్లేకుండా నడుస్తారు. దారి పొడుగునా ఇళ్ళవాళ్ళు పులిహోర, టీ, వేణ్ణీళ్ళు పెడతారు. మీరూ ఒక బల్ల వేసి నీళ్ళు పెట్టండి, దర్శనానికి వెళ్ళకపోయినా పర్లేదు.

రాయలసీమ_రైడర్:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఆషాఢం సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. గూగుల్లో చూస్తే అంతా దసరానే. అమ్మకి చదివి వినిపించాను, సారె అనగానే చీర ఏ రంగు అని అడుగుతోంది. మిగతా నెలల గురించి కూడా ఎవరైనా చెప్పండి, కార్తీక మాసంలో నది మీద బోటు ఎక్కించమని పిల్లలు అడుగుతున్నారు. గుంటూరు వైపు వెళ్ళదగ్గవి ఉన్నాయా?

బ్రాడీపేట_బండోడు:
గుంటూరు వైపు ఉన్నాయా అంటే ఏం చెప్పాలి అన్నా, మీరు బ్యారేజీ దాటి రావడమే ఆలస్యం. వరసగా చెప్పను, నాకు ఇష్టమైన దాంతో మొదలుపెడతాను: కోటప్పకొండ తిరునాళ్ళు, మహాశివరాత్రికి. నరసరావుపేట పక్కన, ఇప్పుడు పల్నాడు జిల్లా. త్రికోటేశ్వరుడి గుడి కొండ మీద, అసలు సందడి కొండ కింద ప్రభల దగ్గర. ప్రభ అంటే ఏదో చిన్న పల్లకీ అనుకోకండి. వెదురు, కర్రలతో కట్టి గుడ్డా రంగు కాగితాలూ అద్దాలూ అతికించిన పెద్ద చట్రం, తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు, దాన్ని బండి మీద నిలబెట్టి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి లాక్కొస్తారు. పూర్వం ఎడ్లు లాగేవి, ఇప్పుడు చాలావాటికి ట్రాక్టర్లు. మోకులు నాలుగు వైపులా పట్టుకుని కుర్రాళ్ళు నడుస్తుంటారు, గాలి కొడితే ప్రభ ఒక పక్కకి ఒరుగుతుంది, అవతలి మోకు పట్టినవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి పడుకుని లాగుతారు, చూసేవాళ్ళ గుండె జారిపోతుంది. రాత్రి కరెంటు ప్రభలు వెలుగుతాయి, ఒక్కో ప్రభ ఒక్కో ఊరి పరువు. "చేదుకో కోటయ్యా" అని అరుపులు. రోడ్డు మీద కరెంటు తీగలు అడ్డం వస్తే లైన్‌మెన్‌లు వచ్చి తీసి, ప్రభ వెళ్ళాక మళ్ళీ కడతారు. అమ్మగారిని మాత్రం ఆ రాత్రి తీసుకురావద్దు, దుమ్ము, జనం, నడక. మీరు మీ పెద్దాణ్ణి తీసుకుని ఆర్టీసీ స్పెషల్ బస్సులో రండి, సొంత కారు అయితే పార్కింగ్ దగ్గరే సగం రాత్రి పోతుంది.

అమ్మగారికి మంగళగిరి మంచిది. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, శుద్ధ చతుర్దశి రాత్రి కల్యాణం, పౌర్ణమి రోజు, అంటే హోళీ నాడు, రథోత్సవం. దిగువ లక్ష్మీనరసింహస్వామి గుడి ఊరి మధ్యలోనే ఉంటుంది, పదకొండు అంతస్తుల గాలిగోపురం. రథం తాడు పట్టుకోవడానికి జనం ఎగబడతారు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, ఏదైనా కొట్టు అరుగు మీద నుంచి చూడండి. ఎగువన కొండ మీద పానకాల స్వామి. శంఖంతో పానకం పోస్తుంటే గుటక చప్పుడు వినిపిస్తుంది, సగం తాగి సగం ప్రసాదంగా ఇస్తాడని నమ్మకం. పైకి కారు కూడా వెళ్తుంది. కానీ ఎగువ గుడి మధ్యాహ్నం మూడు తర్వాత ఉండదు, రాత్రి దేవతలు పూజ చేస్తారని మూసేస్తారు, చాలామంది సాయంత్రం వచ్చి తలుపులు చూసి వెనక్కి వెళ్తారు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు వస్తే మిర్చి యార్డు వైపు ఒకసారి వెళ్ళండి. అది పండగ కాదు గానీ మా ఊరికి అదే పండగ. లారీలు, ఎర్రటి బస్తాలు, గాల్లో ఘాటు. పిల్లలకి ముక్కుకి గుడ్డ కట్టండి.

ఇంకా బందరు దాకా వెళ్ళగలిగితే దసరా రోజుల్లో శక్తి పటాలు చూడండి. వీపున పెద్ద పటం కట్టుకుని, కాళి ముఖం పెట్టుకుని, డప్పు దెబ్బకి అడుగేస్తూ వీధి వీధీ తిరుగుతారు. విజయవాడ దసరా జనాన్ని తట్టుకోలేనివాళ్ళకి బందరు హాయి.

గుణదల_గడప:
గుణదల గురించి ఇంకా ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మరియమాత తిరునాళ్ళు. ఫ్రాన్సులోని లూర్దులో 1858లో మాత మొదటిసారి కనిపించిన రోజు ఫిబ్రవరి 11, అందుకని ఆ తేదీ. తేదీలు మారవు కాబట్టి మీలా సెలవులు చూసుకునేవాళ్ళకి ఇదే సులువు. క్రైస్తవులే వస్తారనుకోకండి. మా వీధిలోంచి వెళ్ళేవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళు, కొబ్బరికాయలు పట్టుకున్నవాళ్ళు, తలనీలాలు ఇచ్చినవాళ్ళు, ఉయ్యాల మొక్కు కట్టేవాళ్ళు అందరూ ఉంటారు. కొండ మీద గుహలో మాత స్వరూపం, పైన శిలువ. పైదాకా మెట్లే, మీ అమ్మగారు కింద పూజ దగ్గరే కూర్చోవచ్చు. రాత్రి కొవ్వొత్తులు పట్టుకుని మెట్లెక్కేవాళ్ళని కింద నుంచి చూడండి. మాకు ఆ మూడు రోజులూ చుట్టాలతో ఇల్లు నిండిపోతుంది, వరండాలో చాపలేసి పడుకోబెడతాం, తెలియనివాళ్ళు బాత్రూమ్ అడిగినా కాదనం. ఏలూరు రోడ్డులో బండ్లు మళ్ళిస్తారు, ఆటో అయితే కాస్త ముందే దిగి నడవండి.

రంజాన్ నెలలో సాయంత్రాలు పంజా సెంటర్ వెళ్ళండి, హలీం బట్టీల దగ్గర కుర్చీ దొరకదు, నిలబడి తినాలి.

సింగ్‌నగర్_సాంబ:
వినాయక చవితి గురించి ఒక మాట. మీ భవానీపురంలో, సితార వైపు, పెద్ద పెద్ద విగ్రహాలు పెడతారు, అవి మీకు ఎలాగూ కనపడతాయి. నేను చెప్పేది చిన్న పందిళ్ళ గురించి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ అంతా మునిగింది, చవితి 7న. మా వీధిలో ఆ ఏడు పందిరి వెయ్యలేదు. అప్పటికే వసూలైన చందాతో పాల ప్యాకెట్లు, బిస్కెట్లు, నీళ్ళ బాటిళ్ళు కొని, పందిరి కోసం తెచ్చిన వెదురు గెడల్ని డ్రమ్ములకి కట్టి తెప్పలాగా చేసుకుని మేడల మీద ఉన్నవాళ్ళకి అందించారు మా కుర్రాళ్ళు. పండగ రోజు ఒక ముసలావిడ పసుపుతో వినాయకుణ్ణి చేసి మేడ మీద పూజ చేసింది, ఆవిడే అందరికీ అటుకులు బెల్లం పెట్టింది. ఆ తర్వాతి ఏడు పందిరి వేస్తే అంతకు ముందు ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. కాబట్టి సార్, మీ వీధిలో కుర్రాళ్ళు చందాకి వస్తే తలుపు వెయ్యకండి, ఐదొందలు ఇస్తారో వంద ఇస్తారో మీ ఇష్టం, సాయంత్రం హారతికి మాత్రం పిల్లల్ని పంపండి. కొత్త ఊళ్ళో నలుగురు తెలిసేది అక్కడే.

నిమజ్జనానికి ఘాట్లకి చిన్నపిల్లల్ని తేవద్దు. వానాకాలం, నీళ్ళు ఎక్కువ ఉంటాయి.

కార్తీకంలో బోటు అడిగారు కదా. పున్నమి ఘాట్ దగ్గర టూరిజం బోట్లు ఉంటాయి, భవానీ ద్వీపం వెళ్ళి రావచ్చు, ఆదివారాలు వనభోజనాల జనం. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కకండి, నిండా ఎక్కిస్తున్న బోటు అసలే ఎక్కకండి. 2017 కార్తీకంలో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు, సరదాగా వచ్చినవాళ్ళే. పెద్దవాళ్ళకి నది చూపించాలంటే తెల్లవారుజామున ఘాట్ మెట్ల మీద దీపాలు వదిలేటప్పుడు తీసుకెళ్ళండి, బోటు అవసరం లేదు.

పుస్తకాల_పురుగు_బెజవాడ:
అందరూ గుళ్ళ గురించే చెప్పారు. విజయవాడ పుస్తక మహోత్సవం మర్చిపోయారు! జనవరి మొదటి రోజుల్లో మొదలై సంక్రాంతి ముందు దాకా. ఇదివరకు స్వరాజ్ మైదానంలో జరిగేది, పాత పీడబ్ల్యూడీ గ్రౌండ్స్, ఇప్పుడు అక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, 2024 జనవరిలో ప్రారంభించారు. అందువల్ల పుస్తకాలకి చోటు మారింది, 2025లో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో పెట్టారు. ఈసారి ఎక్కడో పేపర్లో చూసుకుని వెళ్ళండి. నాకు స్వరాజ్ మైదానం పోయిన బాధ ఇంకా ఉంది, ఊరి నడిబొడ్డున, బస్సు దిగి నడిచి వెళ్ళే చోటు అది.

సాయంత్రం కాకుండా మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. స్టాళ్ళవాళ్ళు ఖాళీగా ఉంటారు, మాట్లాడతారు, లోపల పెట్టెల్లో ఉన్నవి కూడా తీసి చూపిస్తారు. పాత పుస్తకాల స్టాల్ దగ్గర పిల్లలకి తలా రెండొందలు చేతికిచ్చి వదిలేయండి, మీరు చెప్పకండి ఏది కొనాలో. చివరి రోజుల్లో బేరం కుదురుతుంది గానీ మంచివి అప్పటికి అయిపోతాయి. పుస్తక ప్రియుల పాదయాత్ర అని ఒక రోజు నడక ఉంటుంది, అందులో పిల్లలతో నడవండి.

డిసెంబరులో కృష్ణవేణి సంగీత నీరాజనం పేరుతో తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కచేరీలు పెడుతున్నారు, కూర్చుని వినొచ్చు, మీ అమ్మగారికి బాగుంటుంది. సంక్రాంతికి ఊళ్ళో ఎవరూ ఉండరు, అందరూ సొంతూళ్ళకి పోతారు, బస్టాండు వైపు మాత్రం వెళ్ళకండి. ఏప్రిల్, మేలో నున్న మామిడి మార్కెట్. కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో, క్రితంసారి 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి. అప్పటికి మీకు మళ్ళీ ట్రాన్స్‌ఫర్ రాకపోతే మీ ఇల్లు ఘాట్ల పక్కనే కాబట్టి చుట్టాల సంగతి ఇప్పుడే ఆలోచించుకోండి.

రాయలసీమ_రైడర్:
అందరికీ పేరుపేరునా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. మా ఆవిడ అన్నీ క్యాలెండర్ మీద రాస్తోంది. అత్తగారి వాళ్ళకి దసరాకి మొదటి రోజుల్లోనే రమ్మని చెప్పేశాం. మూలా నక్షత్రం రాత్రికి నేనూ మా ఆవిడా పిల్లలూ వెళ్తాం, కోడలు గారి మాట మాకు నచ్చింది, అమ్మకి తోడుగా మా అత్తగారు ఇంట్లో ఉంటానన్నారు. అమ్మని మాత్రం శాకంబరీకే తీసుకెళ్తున్నాం. అపార్ట్‌మెంట్లో అడిగితే మూడో అంతస్తు వాళ్ళు సారె తీసుకెళ్తున్నారట, మమ్మల్నీ కలవమన్నారు. ఒక్క ప్రశ్న: ఆ మూడు రోజుల్లో ఏ రోజు, ఏ వేళకి వెళ్తే అమ్మకి ఇబ్బంది ఉండదు?

బ్రాహ్మణవీధి_పాతకాపు:
సంతోషమండి. మొదటి రోజు కాస్త ఆలస్యంగా వెళ్ళినా పర్లేదు, పౌర్ణమి రోజు వద్దు, ఆ రోజు గిరి ప్రదక్షిణ జనం కూడా కలుస్తారు. శుక్రవారం, ఆదివారం పడితే అది కూడా వదిలేయండి. రెండో రోజు పొద్దున ఏడు, ఎనిమిది మధ్య వెళ్ళండి, కూరగాయలు అప్పటికి తాజాగా ఉంటాయి, పదకొండు దాటితే మధ్యాహ్నం నివేదనకి దర్శనం ఆపుతారు, అప్పుడు లైన్లో ఇరుక్కుంటే అమ్మగారికి కష్టం. సారె గుంపుతో నడిచి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి నడిపించకండి, మీరు ముందే ఆటోలో మహామండపం దగ్గర దింపి లిఫ్టు దగ్గర కూర్చోబెట్టండి, మీవాళ్ళు వచ్చాక కలిసి పైకి వెళ్ళొచ్చు. నడవలేరని అక్కడి సేవ సిబ్బందికి చెప్తే దారి చూపిస్తారు.

వాన గట్టిగా పడితే మాత్రం కొండ మీద నుంచి రాళ్ళు జారతాయని ఘాట్ రోడ్డు మూసేస్తుంటారు, బయల్దేరే ముందు కనుక్కోండి. మూసినా మహామండపం దారి తెరిచే ఉంటుంది. ప్రసాదానికి చిన్న స్టీలు డబ్బా తెచ్చుకోండి, కదంబం ఆకు దొన్నెలో ఇస్తే లిఫ్టులో ఒలికిపోతుంది.

కొత్తపేట_కోడలు:
చీర రంగు అడిగారు కదా అమ్మగారు. ఎరుపో పసుపో తీసుకోమనండి, రవిక గుడ్డ మర్చిపోవద్దు. గాజులు వన్‌టౌన్ బజార్లోనే కొనండి, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర గాజుల కొట్లు చాలా ఉన్నాయి, డజన్ల లెక్కన చవగ్గా ఇస్తారు. చలిమిడి మాత్రం ఇంట్లో చేసిందే పట్టుకెళ్ళండి.